ఒకే ఐపీ మీద వంద సైట్లు: ర్యాంకుకు దెబ్బ ఎక్కడ తగులుతుంది?

(అనంతపురంలో వెబ్‌సైట్లు తయారుచేసే యువకులు, చిన్న వ్యాపారులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు నుంచి కూడా వచ్చారని ఇప్పుడే చెప్పారు. ఇంత ఎండలో బస్సెక్కి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఈమధ్య మన దగ్గర సైట్లు చేయించుకున్న వ్యాపారులకు ఒకే రకం ఫోన్ వస్తోంది. "సార్, మీ సైట్ షేర్డ్ ఐపీ మీద ఉంది. అదే ఐపీ మీద ఇంకా కొన్ని వందల సైట్లున్నాయి. వాటిలో జూదం సైట్లు కూడా ఉన్నాయి. అందుకే గూగుల్‌లో మీరు కిందికి పోయారు. డెడికేటెడ్ ఐపీ తీసుకోండి, నెలకు ఇంత అవుతుంది." ఐపీ అంటే సైట్ ఉండే కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, ఇంటర్నెట్‌లో ఉండే అంకెల అడ్రసు. షేర్డ్ అంటే నలుగురితో పంచుకునేది, డెడికేటెడ్ అంటే మీ ఒక్కరిదే. ఫోన్ చేసినవాళ్లు మాటతో ఊరుకోరు, ఆ సైట్ల లిస్టు వాట్సాప్‌లో పంపిస్తారు. లిస్టు అబద్ధం కాదు. ఒక ఐపీ ఇస్తే దాని మీద ఏ ఏ సైట్లున్నాయో చెప్పే ఉచిత టూల్స్ చాలా ఉన్నాయి. చీరల షాపు ఆయన ఆ లిస్టు చూస్తాడు, తన షాపు పేరు పక్కనే ఏదో చెత్త పేరు కనపడుతుంది, గుండె గుభేల్‌మంటుంది. డబ్బు కట్టేస్తాడు.

ఆ డబ్బు దండగ. ఆ మాట చెప్పడానికే వచ్చాను. అయితే అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. మీ ర్యాంకును నిజంగా దెబ్బతీసేవి అదే సర్వర్ మీద ఉండొచ్చు. అవి ఆ వాట్సాప్ లిస్టులో ఉండవు. చాలాసార్లు అవి మీ సొంత అకౌంటులోనే ఉంటాయి. ఇవాళ ఎక్కువ సమయం వాటికే పెడతాను.

ముందు, అసలు ఐపీలు పంచుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. ఎక్కువగా వాడే పాత రకం ఐపీ, ఐపీవీ4 అడ్రసు అంటే 32 బిట్ల సంఖ్య. ఎటు తిప్పి లెక్కేసినా 430 కోట్లు దాటవు. భూమ్మీద జనాభాకు తలా ఒకటి కూడా రాదు. 2011 ఫిబ్రవరి 3న, ప్రపంచం మొత్తానికి ఐపీలు పంచే ఐయానా తన దగ్గర మిగిలిన చివరి అయిదు పెద్ద బ్లాకులను అయిదు ప్రాంతీయ సంస్థలకు తలా ఒకటి పంచేసి చేతులు దులుపుకుంది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రసులిచ్చే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి తన చివరి బ్లాకుకు వచ్చేసి, అప్పట్నుంచి రేషన్ పద్ధతిలో ఇస్తోంది. అమెజాన్ క్లౌడ్ అయితే 2024 ఫిబ్రవరి 1 నుంచి పబ్లిక్ ఐపీవీ4 ఒక్కోదానికి గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. అంటే ఐపీ అనేది కొరత ఉన్న వస్తువు. కొరత ఉన్న వస్తువుకు ధర ఉంటుంది, అందులో తప్పు లేదు. ఆ ధర చూపించి దాంట్లో ర్యాంకు ఉందని అమ్మడమే తప్పు.

సుభాష్ రోడ్డులో ఒక కాంప్లెక్సు అనుకోండి. డోర్ నంబరు ఒకటే. లోపల ఒక బట్టల షాపు, ఒక రక్తపరీక్షల ల్యాబు, పైన ట్యూషన్ సెంటరు. పోస్ట్‌మ్యాన్ డోర్ నంబరు చూసి కాంప్లెక్సు దాకా వస్తాడు, కవరు మీద పేరు చూసి ఎవరిది వాళ్లకిస్తాడు. షేర్డ్ ఐపీలో జరిగేది ఇదే. తెర మీద చూడండి, బ్రౌజర్ సర్వర్‌కు పంపే అభ్యర్థన ఇలా ఉంటుంది. మొదటి లైనులో గెట్ అనే మాట, ఏ పేజీ కావాలో దాని దారి, హెచ్‌టీటీపీ 1.1 అని, బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి పేరు, దాని వెర్షన్. రెండో లైను చూడండి: హోస్ట్ అని ఉంది, దాని పక్కన సైట్ పేరు. కవరు మీద పేరు అదే. 1996 నాటి హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఈ లైను తప్పనిసరి కాదు, అందుకే అప్పట్లో సైట్‌కొక ఐపీ కావాల్సి వచ్చేది. 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 దీన్ని తప్పనిసరి చేసింది. ఆ లైను లేకుండా అడిగితే సర్వర్ 400 ఎర్రర్ ఇవ్వాలని అందులోనే రాశారు.

సైట్లు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రాం గూగుల్‌బాట్ కూడా ఇలాగే పేరు పెట్టి అడుగుతుంది. గూగుల్ ఇండెక్సులో, అంటే పేజీల జాబితాలో, మీ పేజీ నమోదయ్యేది యూఆర్ఎల్‌తో, అంటే డొమైన్ పేరుతో. లింకులన్నీ వచ్చేది ఆ పేరుకే. రేపు మీరు హోస్టింగ్ మార్చి ఐపీ మారినా ఆ పేరు, ఆ లింకులు మీతోనే వస్తాయి.

ఇక హెచ్‌టీటీపీఎస్, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే హెచ్‌టీటీపీ. డెడికేటెడ్ ఐపీ గొడవకు మూలం ఇక్కడుంది, దీంట్లో ఒకప్పుడు నిజం కూడా ఉండేది. ఆ తాళం వేసే పద్ధతి ఎస్ఎస్ఎల్‌లో సర్వర్ ముందే సర్టిఫికెట్, అంటే తాను ఫలానా సైట్‌నేనన్న రుజువు, చూపించాలి. కానీ హోస్ట్ లైను వచ్చేది ఆ తర్వాత. ఎవరి కోసం వచ్చారో తెలియకుండా ఎవరి సర్టిఫికెట్ చూపించాలి? అందుకని సర్టిఫికెట్ కావాలంటే సొంత ఐపీ కొనుక్కోవాల్సిందే. దీన్ని తీర్చిన పద్ధతి పేరు ఎస్ఎన్ఐ. సైట్ పేరును మొదటి పలకరింపులోనే పంపించేస్తుంది. 2003లోనే దాని ప్రమాణం రాశారు. కానీ విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది చివరిదాకా రాలేదు. మన నెట్ సెంటర్లలో, ఆఫీసుల్లో ఎక్స్‌పీ ఎన్నేళ్లు నడిచిందో మీకే తెలుసు. మైక్రోసాఫ్ట్ దానికి సపోర్ట్ ఆపింది 2014 ఏప్రిల్‌లో. అదే ఏడాది ఆగస్టులో గూగుల్, హెచ్‌టీటీపీఎస్ ఉంటే ర్యాంకింగ్‌లో ఒక చిన్న సంకేతంగా తీసుకుంటామని ప్రకటించింది. సర్టిఫికెట్‌కు ఐపీ కావాలి, ర్యాంకుకు సర్టిఫికెట్ కావాలి, కాబట్టి ర్యాంకుకు ఐపీ కావాలి: ఈ లెక్క అలా జనం బుర్రలోకి ఎక్కింది. మొదటి ముక్క ఎప్పుడో కాలం చెల్లింది. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ ఉచితంగా సర్టిఫికెట్లిస్తోంది, ఎస్ఎన్ఐ లేని బ్రౌజర్ ఇవాళ మీ కస్టమర్ చేతిలో లేదు. అయినా అమ్మేవాళ్లు రెండో ముక్క, మూడో ముక్క పట్టుకుని ఇంకా అమ్ముతున్నారు.

గూగుల్ ఏమంటుందని అడుగుతారు. 2003లోనే గూగుల్ తొలి ఉద్యోగి క్రెయిగ్ సిల్వర్‌స్టీన్ దీనికి జవాబిచ్చారు. ఒకే ఐపీ పంచుకున్న సైట్లను, వాటి లింకులను సొంత ఐపీ ఉన్న సైట్లలాగే చూస్తామని చెప్పారు. వెబ్ స్పామ్ విభాగాన్ని చూసిన మ్యాట్ కట్స్ 2006లో అదే మాటను మళ్లీ గుర్తుచేశారు. ఆ తర్వాత గూగుల్ తరఫున సైట్ల వాళ్లతో మాట్లాడే జాన్ ముల్లర్ చాలాసార్లు అదే చెప్పారు. వాళ్ల మాట పక్కన పెట్టినా, మామూలు లెక్క చూడండి. 2003లోనే హార్వర్డ్‌కు చెందిన బెంజమిన్ ఎడెల్మన్ పరిశీలిస్తే, వాడుకలో ఉన్న డొమైన్లలో 87 శాతానికి పైగా ఐపీలను పంచుకుంటున్నాయని తేలింది. మూడింట రెండొంతులకు పైగా డొమైన్ల పక్కన కనీసం యాభై సైట్లున్నాయి. ఇక ఇప్పుడు సైట్లకు ముందు నిలబడి వాటి తరఫున పేజీలు అందించే క్లౌడ్‌ఫ్లేర్ లాంటివి వచ్చాక పెద్ద పెద్ద సంస్థల సైట్లు కూడా ఎవరెవరితోనో అడ్రసు పంచుకుంటున్నాయి. పక్కవాడి పాపం మనకు అంటేట్టయితే గూగుల్ చూపించడానికి సైట్లే మిగలవు.

ఒక మినహాయింపు చెప్పాలి. ఒక సర్వర్ నిండా వేల స్పామ్ సైట్లుండి మధ్యలో ఒకటే మంచి సైట్ ఉంటే అనుమానం రావచ్చని గూగుల్ వాళ్లే అన్నారు. ఎవరు పడితే వాళ్లు ఉచితంగా సైట్ పెట్టుకునే చోట స్పామ్ మరీ ముదిరితే ఆ సర్వీసు మొత్తం మీద చర్య తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఊరూపేరూ లేని ఉచిత హోస్టింగ్‌లో వ్యాపారం సైట్ పెట్టొద్దు. డబ్బు తీసుకుని నడిపే మామూలు హోస్టింగ్‌లో ఈ పరిస్థితి రాదు.

సిల్వర్‌స్టీన్ అప్పుడే ఇంకో మాట అన్నారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కొన్ని హోస్టింగ్ కంపెనీలు వర్చువల్ హోస్టింగ్‌ను, అంటే ఒకే ఐపీ మీద చాలా సైట్లు నడపడాన్ని, సరిగా అమర్చుకోవని, షేర్డ్ ఐపీ మీద ఈ అపోహ పోకపోవడానికి అది కారణం కావచ్చని అన్నారు. నేను చూసిన సర్వర్లలో ఇది ఇప్పటికీ నిజం. చాలా సర్వర్లలో పేజీలు అందించే సాఫ్ట్‌వేర్ అపాచీలో ఒక పద్ధతి ఉంది. తనకు తెలియని పేరుతో ఎవరైనా వస్తే, లిస్టులో మొదట రాసి ఉన్న సైట్‌ను చూపించేస్తుంది. మీ సైట్ ఆ మొదటి స్థానంలో ఉందనుకోండి. ఎవడో తన డొమైన్‌ను ఆ ఐపీకి తిప్పి వదిలేస్తే, ఆ డొమైన్ పేరుతో మీ షాపు సైట్ మొత్తం తెరుచుకుంటుంది. ఇంటికెళ్లాక మీ సర్వర్ ఐపీని నేరుగా బ్రౌజర్‌లో కొట్టి చూడండి. హోస్టింగ్ వాళ్ల ఖాళీ పేజీ వస్తే మంచిదే. మీ సైట్ వస్తే, డిఫాల్ట్ సైట్‌గా ఒక ఖాళీ పేజీ పెట్టమని అడగండి.

ఇప్పుడు నేను ఎక్కువ చెప్పాలనుకున్న చోటికి వచ్చాం.

మనలో చాలామంది చేసే పని ఏమిటంటే, ఒక హోస్టింగ్ ప్లాన్ కొని, అందులోనే యాడాన్ డొమైన్లుగా, అంటే అదే అకౌంటుకు అదనంగా చేర్చిన పేర్లుగా, పది మంది క్లయింట్ల సైట్లు పెట్టడం. హోస్టింగ్ అకౌంటును నడిపే సీప్యానెల్‌లో మెయిన్ డొమైన్ ఒకటి, దాని కింద ఫోల్డర్లు. ఖర్చు తక్కువ, అర్థం చేసుకోగలను. కానీ అక్కడ రెండు ప్రమాదాలున్నాయి.

ఒకటి, సీప్యానెల్‌లో యాడాన్ డొమైన్ పెట్టినప్పుడు దాంతోపాటే మెయిన్ డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ కూడా తయారవుతూ వచ్చింది. ఫోల్డర్ పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ లోపలే, అంటే మెయిన్ డొమైన్ పేజీలుండే ఫోల్డర్ లోపలే, ఉంటే ఆ దారిలో కూడా తెరుచుకుంటుంది. మెయిన్ డొమైన్ ఒక కోచింగ్ సెంటర్‌ది, యాడాన్ ఒక ధర్మవరం చీరల షాపుది అనుకోండి. అప్పుడు చీరల సైట్ మూడు అడ్రసుల్లో ఉంటుంది: సొంత డొమైన్‌లో, కోచింగ్ సెంటర్ డొమైన్ ముందు సబ్‌డొమైన్‌గా, కోచింగ్ సెంటర్ డొమైన్ వెనక ఫోల్డర్‌గా. గూగుల్ ఈ మూడింట్లో ఒకదాన్ని అసలుదిగా ఎంచుకుంటుంది. చాలాసార్లు సరైనదే ఎంచుకుంటుంది. ఎంచుకోనప్పుడు, పెళ్లి చీర కోసం వెతికే మనిషికి కోచింగ్ సెంటర్ పేరుతో లింకు కనపడుతుంది. అది ఎవరు నొక్కుతారు? దీని మందు చిన్నది. మిగతా రెండు అడ్రసుల నుంచి సొంత డొమైన్‌కు 301 రీడైరెక్ట్ పెట్టండి, అంటే అక్కడికి వచ్చినవాళ్లను శాశ్వతంగా ఇటు మళ్లించండి; అసలు అడ్రసు ఇదని గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ ప్రతి పేజీలో సొంత డొమైన్‌కే ఉండేట్టు చూడండి. సైట్ ఫోల్డర్‌ను పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ బయట పెట్టుకుంటే మూడో అడ్రసు అసలు పుట్టనే పుట్టదు.

రెండోది పెద్దది. తెర మీద ఈ బొమ్మ చూడండి. ఒక అకౌంటు ఫైల్ మేనేజర్, పేర్లన్నీ చెరిపేశాను. తొమ్మిది సైట్లున్నాయి. అందులో ఒకటి మూతపడిన ట్యూషన్ సెంటర్‌ది. సెంటర్ లేదు, సైట్ మాత్రం ఉంది. సైట్ నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ పాతది, దానికి తగిలించిన ప్లగిన్లు అప్‌డేట్ చేసినవాళ్లు లేరు. దాని అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వెళ్దాం. సంవత్సరం ఫోల్డర్, నెల ఫోల్డర్, లోపల వార్షికోత్సవం ఫొటోలు. ఫొటోల మధ్యలో ఈ ఫైలు చూడండి. పేరు ఫొటో పేరులాగే ఉంది, చివర మాత్రం పీహెచ్‌పీ. పీహెచ్‌పీ అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రాం. ఫొటోల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైలుకు ఏం పని? ఇది దొంగతనంగా దూరినవాడు పెట్టింది. తేదీ చూడండి, చుట్టూ ఉన్న ఫొటోల తేదీకి ఏళ్ల తేడా. ఇప్పుడు పక్క ఫోల్డర్, చీరల షాపుది. అదే ఫైలు. దాని పక్కది, అదే ఫైలు. తొమ్మిదింట్లోనూ ఉంది.

ఇది ఎలా జరిగింది? మంచి షేర్డ్ హోస్టింగ్‌లో క్లౌడ్‌లైనక్స్, కేజ్ఎఫ్ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు పెట్టి ఒక అకౌంటు వాడు ఇంకో అకౌంటులోకి తొంగిచూడకుండా కట్టడి చేస్తారు. ఆ వాట్సాప్ లిస్టులోని జూదం సైట్ వాడు మీ ఫైళ్లను ముట్టుకోలేడు. కానీ ఒకే అకౌంటులో ఉన్న తొమ్మిది సైట్లకూ యూజర్ ఒక్కడే. ఒకదాంట్లో దూరితే అన్నింట్లో రాయొచ్చు. మధ్యలో అడ్డేమీ లేదు.

షాపు ఆయన సైట్ తెరిస్తే అంతా బాగానే ఉంటుంది. గూగుల్‌బాట్ వస్తే మాత్రం ఆ ఫైలు వేరే పేజీలు చూపిస్తుంది. గూగుల్‌లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, మీ డొమైన్ రాసి వెతకండి. ఇలా ఎవరైనా దూరి ఉంటే, మీరు ఎప్పుడూ చేయని పేజీలు జపనీస్ లిపిలో, బ్రాండెడ్ వస్తువుల పేర్లతో వరుసగా కనపడతాయి. గూగుల్ సహాయ పేజీల్లో దీన్ని జపనీస్ కీవర్డ్ హ్యాక్ అనే పిలుస్తారు. దూరినవాడు, సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే ఉచిత టూల్ సెర్చ్ కన్సోల్‌లో తనను తాను మీ సైట్ ఓనర్‌గా చేర్చుకోవడం కూడా ఇందులో మామూలే. యూజర్స్ అండ్ పర్మిషన్స్ తెరిచి తెలియని ఈమెయిల్ ఉందేమో చూడండి. దాన్ని తీసేస్తే చాలదు, వాడు సర్వర్‌లో పెట్టిన వెరిఫికేషన్ ఫైలు కూడా తీసేయాలి. లేకపోతే మళ్లీ వస్తాడు.

ర్యాంకు పడిపోయిందని బాధపడే వ్యాపారికి ఇవేవీ చూడకుండా డెడికేటెడ్ ఐపీ అమ్మితే ఏమవుతుంది? అదే ఫైలు కొత్త ఐపీ మీద కూర్చుంటుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. పట్టు చీర మీద దొరికే లాభంలోంచి తీసిచ్చిన డబ్బు అది.

ఆ డబ్బుతో చేయాల్సిన పని వేరే ఉంది. రీసెల్లర్ ప్లాన్, అంటే వేరువేరు అకౌంట్లు తెరవనిచ్చే ప్లాన్, తీసుకుని క్లయింటుకొక సీప్యానెల్ ఇవ్వండి. ఐపీ అందరికీ ఒకటే ఉన్నా ఫర్వాలేదు, యూజర్ వేరువేరుగా ఉండాలి. వాడుకలో లేని సైట్‌ను బ్యాకప్ తీసుకుని సర్వర్ మీద నుంచి తీసేయండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపండి, రెండు మూడు లైన్ల పని.

ఇక వేగం. షేర్డ్ హోస్టింగ్‌లో నిజంగా పంచుకునేది ప్రాసెసర్, మెమరీ. శ్రావణమాసం వస్తోంది, వరలక్ష్మీ వ్రతం ముందు వారం చీరల సైట్లకు జనం పోటెత్తుతారు. అప్పుడు 508 అని, రిసోర్స్ లిమిట్ అయిపోయిందని పేజీ వస్తే, అది మీ అకౌంటుకు ఇచ్చిన కోటా అయిపోయిందని అర్థం. కస్టమర్ పోతాడు సరే, గూగుల్‌బాట్‌కు కూడా అదే పేజీ వెళ్తుంది. 500ల వరుస ఎర్రర్లు చూస్తే అది రావడం తగ్గిస్తుంది. రెండు మూడు రోజులు అలాగే ఉంటే ఆ పేజీలను ఇండెక్సు నుంచి తీసేయడం మొదలుపెట్టవచ్చు. సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ అనే చోట గ్రాఫు ఉంటుంది. పండగకు నెల ముందే చూసుకోండి. క్యాషింగ్ పెట్టడం, అంటే తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇవ్వడం, ఫొటోల సైజు తగ్గించడం వల్లే చాలా సైట్లు గట్టెక్కుతాయి. సరిపోకపోతే పెద్ద ప్లాన్‌కు డబ్బు పెట్టండి, అది దండగ ఖర్చు కాదు. గూగుల్ 2010లో వేగాన్ని ర్యాంకింగ్‌లోకి తెచ్చింది, 2018లో మొబైల్‌కు, 2021లో కోర్ వెబ్ వైటల్స్ పేరుతో. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనపడాలన్నది అందులో ఒక కొలత. అయితే వేగం ఒక్కటే పైకి తీసుకుపోతుందని కూడా నమ్మొద్దు. విషయం లేని పేజీ ఎంత త్వరగా తెరుచుకున్నా విషయం లేని పేజీయే.

ఇంకోటి, హోస్టింగ్ ఫైర్‌వాల్, అంటే సర్వర్‌కు కాపలా కాసే సాఫ్ట్‌వేర్. దాడులను ఆపబోయి గూగుల్‌బాట్‌నే ఆపేస్తుంది ఒక్కోసారి. సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో లైవ్ టెస్ట్ నొక్కితే తెలిసిపోతుంది. అక్కడ తేడా కనిపిస్తే ఆ స్క్రీన్‌షాట్‌తోనే హోస్టింగ్ వాళ్లకు టికెట్ వేయండి.

(సభలోంచి ఒక యువకుడు: "అన్నా, ఒకే ఓనర్ పది సైట్లు పెట్టి ఒకదానికొకటి లింకులిస్తే గూగుల్ పట్టేస్తుందంట కదా? అందుకే వేరే వేరే సీ క్లాస్ ఐపీలు తీసుకోమంటున్నారు.")

మంచి ప్రశ్న తమ్ముడూ. సీ క్లాస్ అనే మాట ముందు తేలుద్దాం. ఐపీలను ఏ, బీ, సీ క్లాసులుగా విడదీసే పద్ధతిని 1993లోనే తీసేసి, ఐపీలను ఏ సైజు గుంపులుగానైనా పంచే సీఐడీఆర్ తెచ్చారు. గూగుల్ పుట్టింది 1998లో. ఇంకా ఆ పేరుతో ఐపీలు అమ్ముతున్నారంటే కొనేవాళ్లకు తెలియదనే ధైర్యం.

ఇక అసలు సంగతి. మన జిల్లాకు సరిపోయే ఉదాహరణ చెప్తాను, బోర్లు వేసే రిగ్ లారీల వ్యాపారం. అనంతపురానికి ఒక సైట్, తాడిపత్రికి ఒకటి, కళ్యాణదుర్గానికి ఒకటి, రాయదుర్గానికి ఒకటి. అన్నింట్లో అవే ఫొటోలు, అవే పేరాలు, ఊరి పేరు మాత్రం మార్చారు. ఫోన్ నంబరు ఒకటే. అడుగున ఫుటర్‌లో ప్రతి సైట్ నుంచి మిగతా అన్నింటికీ లింకులు. వీటిని పది ఐపీల మీద కాదు, పది దేశాల్లో పెట్టినా చదివినవాడికి ఒకరివేనని తెలిసిపోతుంది. ఇలాంటి వాటిని, ఊరూరికీ ఒకేలా పెట్టి జనాన్ని ఒకే చోటికి లాగే పేజీలను, గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, 2015 మార్చిలో వాటి కోసమే ఒక మార్పు ప్రకటించింది. కొనుక్కున్న లింకుల మీద పెంగ్విన్ అప్‌డేట్ 2012 ఏప్రిల్‌లోనే వచ్చింది. దాచాల్సిన అవసరం ఉందనిపించిందంటే ఆ పని చేయకపోవడమే మేలు. అదే ఓనర్‌కు బోర్ల వ్యాపారం ఒకటి, చీనీ తోటల నర్సరీ ఒకటి ఉంటే రెండు సైట్లూ ఒకే ఐపీ మీద పెట్టుకోనీ, ఒకచోట "మా నర్సరీ" అని లింకు ఇచ్చుకోనీ. ఏమీ కాదు.

బోర్ల ఆయన ఒకే సైట్ పెట్టుకుని ఊరూరికీ నిజంగా తేడా ఉన్న పేజీ రాయనీ. ఏ మండలంలో సుమారు ఎన్ని అడుగులకు నీళ్లు పడుతున్నాయి, రాయి ఎక్కడ గట్టిగా ఉంది, కేసింగ్ పైపు ఎంత పడుతుంది, అడుగుకు ధర ఎలా మారుతుంది. ఇవి ఆయనకు నోటికొచ్చిన విషయాలు. రైతు గూగుల్‌లో వెతికేది కూడా ఇవే. నేను వెతికినంతవరకు తెలుగులో ఇవి రాసినవాళ్లు దాదాపు లేరు.

(సభలోంచి ఒక మహిళ: "మాకు ధర్మవరంలో చీరల వ్యాపారం. సైట్ నుంచి వచ్చే ఆర్డర్ మెయిళ్లు కస్టమర్లకు స్పామ్‌లో పడుతున్నాయి. అది షేర్డ్ ఐపీ వల్లేనా?")

అవును అక్కా, అక్కడ మాత్రం నిజంగా కావచ్చు. మెయిల్ దగ్గర ఐపీకి పేరు, చెడ్డపేరు ఉంటాయి. మీతోపాటు అదే సర్వర్ నుంచి ఎవడో స్పామ్ పంపిస్తే ఆ ఐపీ స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులో పడుతుంది, మీ మెయిల్ కూడా దాంతోపాటు మునుగుతుంది. కానీ ఆ లిస్టులు మెయిల్ కోసం. వాటివల్ల గూగుల్ సెర్చ్‌లో మీ స్థానం మారదు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పి భయపెడుతున్నారు. మీరు చేయాల్సింది, ఆర్డర్ మెయిళ్లను హోస్టింగ్ సర్వర్ నుంచి కాకుండా మెయిల్ కోసమే ఉన్న సర్వీసు ద్వారా పంపించడం. డొమైన్‌కు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టించండి, మెయిల్ నిజంగా మీదేనని రుజువు చేసేవి అవి. సైట్ చేసిన అబ్బాయికి గంట పని.

మీరు అడగకపోయినా ఇంకో మాట. కస్టమర్లు ఎక్కువగా ఇక్కడివాళ్లే అయితే ముంబైలో సర్వర్ ఉన్న ప్లాన్ తీసుకోండి. అమెరికా సర్వర్ అయితే ఒక్కోసారి అడిగి జవాబు తెచ్చుకోవడానికే రమారమి 200 మిల్లీసెకన్లు పైన పోతుంది, ఒక పేజీకి అలాంటి ప్రయాణాలు చాలా ఉంటాయి. షాపుకు నడిచి వచ్చేవాళ్లు కావాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సరిగా నింపండి. అక్కడ గూగుల్ చూసేది మూడు: వెతికినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. ఐపీ ప్రస్తావనే లేదు.

(ఇంకొకరు: "సార్, మేము ఇప్పటికే డెడికేటెడ్ ఐపీ కొన్నాం. ఇప్పుడు వదిలేస్తే ర్యాంకు పడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.")

పడదు. మార్చే పద్ధతి మాత్రం సరిగా ఉండాలి. డొమైన్ పేరు ఏ ఐపీదో చెప్పేది డీఎన్ఎస్. వారం ముందు అందులో టీటీఎల్‌ను, అంటే పాత ఐపీని అందరూ గుర్తుంచుకునే గడువును, కొన్ని గంటలకు తగ్గించండి. పాత సర్వర్‌ను వెంటనే ఆపొద్దు. కొత్తచోట సైట్ మొత్తం ఎక్కించి, సర్టిఫికెట్ పెట్టి, మీ కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైలు మార్చుకుని, అంటే మీ ఒక్కరికే కొత్త సర్వర్ తెరుచుకునేట్టు చేసుకుని, ఒకసారి అంతా తిరిగి చూడండి. ముఖ్యంగా రోబోట్స్ ఫైలు, గూగుల్‌బాట్ ఏవి చూడొచ్చో ఏవి చూడకూడదో చెప్పేది. టెస్టింగ్ కోసం పెట్టిన డిస్అలో లైను, అంటే చూడొద్దనే లైను, అలాగే ఉండిపోతే అప్పుడు నిజంగా ర్యాంకు పోతుంది, జనం దాన్ని ఐపీ మీదకు తోస్తారు. అన్నీ బాగుంటే డీఎన్ఎస్ మార్చండి. మొదట్లో గూగుల్‌బాట్ కాస్త నెమ్మదిగా వస్తుంది, కంగారు పడొద్దు, కొత్త సర్వర్ తట్టుకుంటుందని చూశాక మళ్లీ పెంచుతుంది. పాత సర్వర్ లాగ్, అంటే ఎవరెవరు వచ్చారో రాసుకునే ఫైలు, తెరిచి, అక్కడికి గూగుల్‌బాట్ గానీ కస్టమర్లు గానీ ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాకే దాన్ని రద్దు చేయండి. ఎలా చూడాలో తెలియకపోతే లాప్‌టాప్ ఇక్కడే ఉంది కదా, టీ తాగొచ్చాక మీ సర్వర్ లాగే తెరిచి చూద్దాం.